ముందు చందా పుస్తకం తియ్యండి

ఈ కాలంలో దేనికైనా కోర్సే. ఊపిరి పీల్చుకోవడానికి కోర్సు, పిల్లల్ని మందలించడానికి కోర్సు, కంటినిండా నిద్రపోవడానికి యాప్. ఇప్పుడు చర్చిలో పక్కన కూర్చున్న మనిషిని మనిషిగా చూడటానికి కూడా కోర్సు వచ్చింది. బుధవారం సాయంత్రం, ఫెలోషిప్ హాల్లో, కాఫీ కుకీలతో. మెడలో పేరు రాసిన అట్ట, చేతిలో వర్క్‌బుక్కు, అందులో నింపాల్సిన ఖాళీలు. జాతి వివక్ష అనేది ఒకటుందని మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది అని అడిగి, కింద రెండు గీతలు గీశారు. మొదటిసారి దాహం ఎప్పుడు వేసిందో రాయమన్నట్టుంది. గీతలు రెండూ అలాగే వదిలేసి పేజీ తిప్పేశాను.

నాది ఒంగోలు పక్క పల్లె. బడిపంతులుగా రిటైరయ్యాను. మా సంఘానికి చాలా ఏళ్లు కోశాధికారిని. ఇప్పుడు ఫిలడెల్ఫియా దగ్గర కూతురింట్లో కాలక్షేపం. వాళ్లు వెళ్లేది తెల్లవాళ్లే ఎక్కువగా ఉండే ఒక పాత మెథడిస్టు చర్చికి. 2020 మే నెలలో మినియాపొలిస్‌లో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి ప్రాణం తీశాక, ఈ దేశంలో చాలా చర్చిలు ఉలిక్కిపడి ఇలాంటి తరగతులు మొదలుపెట్టాయి. మా మనవరాలు నా పేరు కూడా రాయించేసింది. "తాతయ్యా, నువ్వు రావాలి, నీకు చాలా తెలుసు" అంది. ఎనభైకి దగ్గరపడ్డవాణ్ణి ఉబ్బెయ్యడం ఎంతసేపు?

తరగతిలో చెప్పేది తప్పని నేననను. నాకు తెలియని సంగతులు చాలా చెప్పారు. 1939లో ఇక్కడి మెథడిస్టు సంఘాలు మూడూ కలిసిపోయినప్పుడు, తెల్లవాళ్ల సంఘాలను ప్రాంతాలవారీగా అయిదు మండలాలుగా విడదీసి, నల్లవాళ్లను మాత్రం వాళ్లు దేశంలో ఎక్కడున్నా సరే సెంట్రల్ అనే ఒక విడి మండలంలోకి నెట్టారట. అది 1968 దాకా నడిచింది. వినగానే నాకు మన పల్లె, ఊరు గుర్తొచ్చాయి. ఇది ఊళ్లకు ఊళ్లు కలిపి గీసిన గీత, అంతే తేడా.

నా సణుగుడు వేరే. వీళ్లు చెప్పేదంతా మనసు గురించి. మనసు మారాలి, కళ్లు తెరుచుకోవాలి, ఎదుటివాడి బాధ వినాలి, విని అసౌకర్యంగా కూర్చోవడం నేర్చుకోవాలి. మా రోజుల్లో మనసుల సంగతి దేవుడికి వదిలేసేవాళ్లం. చాప ఎవరిది, గిన్నె ముందు ఎవరికి, సమాధుల దొడ్డిలో ఎవరి గుంట ఎక్కడ, చందా పుస్తకంలో ఎవరి పేరు పక్కన ఎంత, మేం చూసేది ఇవీ. కొట్లాడితే వీటి మీదే కొట్లాడేవాళ్లం.

మా రోజుల్లో అంటే మిషను కాంపౌండు ఇంకా మిషను చేతిలోనే ఉన్న రోజులు. దొరగారి బంగళా చుట్టూ వరండా. జీతాల రోజున మన ప్రసంగీకులు, బైబిలు స్త్రీలు ఆ వరండాలో నిలబడేవాళ్లు. లోపల కుర్చీలున్నాయని అందరికీ తెలుసు. దొరసాని మంచిది. మా అమ్మకు పురుడు పోసింది ఆవిడే. క్రిస్మసుకు పిల్లలందరికీ రంగు కార్డులు పంచేది. కుర్చీ మాత్రం వెయ్యలేదు. మా నాన్న ప్రసంగీకుడు. జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడుతూ, "ఈ నెల కూడా నిలబడే తెచ్చా" అనేవాడు. ఆ మాటలో కోపం ఉండేది కాదు, వెటకారం ఉండేది. నాకదే ఎక్కువ నచ్చేది.

ఇది మా నాన్న ఒక్కడి గోలేం కాదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అప్పటికే దోర్నకల్లులో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య ఆ సభలో లేచి, మీరు చేసిన త్యాగాలకు మా జనం రుణపడి ఉంటారు, అయినా మాకు కావలసింది స్నేహితులు అని మొహం మీదే చెప్పాడు. హాల్లో కొందరు దొరలకు అది మింగుడు పడలేదు. ఆయన తిరునల్వేలి వైపు తమిళుడు, మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకున్నవాడు. రెండేళ్లకు దోర్నకల్ బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొట్టమొదటి భారతీయుడు. ఆయన చేతికి ఎవరూ వర్క్‌బుక్కు ఇవ్వలేదు. ఎదురుగా దొరలు కూర్చుని ఉండగానే మాట బయటపెట్టేశాడు. ఇవాళ అలా మాట్లాడబోతే, ముందు "మనందరం భద్రంగా మాట్లాడుకునే వాతావరణం" కోసం అయిదు నిమిషాలు కళ్లు మూసుకోమంటారు.

ఇక మనవాళ్ల సంగతి. దొర కుర్చీ వెయ్యలేదని ఉడుక్కున్న మనం ఏమన్నా తక్కువ తిన్నామా? మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. రెండు చోట్లా అవే కీర్తనలు, అదే వాక్యం. పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం కల్ల. ఇంతలో ఊళ్లో ఒక మోతుబరి కుటుంబం రక్షణ పొందింది. సంతోషమే. కానీ వాళ్లు పల్లెలోని గుడికి రారే! వాళ్ల అరుగు మీదే కూటం. మా నాన్న వెళ్లి వాక్యం చెప్పేవాడు, అరుగు కింద నిలబడి. సంస్కారం బల్ల రోజున గిన్నె ముందు వాళ్లింటికి వెళ్లి, ఆ తర్వాత పల్లెకు వచ్చేది.

ఒకసారి మా పెదనాన్న ఆ గిన్నెను వచ్చిన దారినే తిప్పి పంపాడు. ఒకే బల్లయితే తీసుకుంటాం, రెండు బల్లలయితే మాకు అసలు బల్లే వద్దన్నాడు. ఆర్నెల్లు మా పల్లెలో సంస్కారం లేదు. పాస్టరు గారు బతిమాలారు, పైనుంచి పెద్దలు వచ్చి బెదిరించారు. మా పెదనాన్న చందా మాత్రం నెలనెలా కట్టేవాడు, రసీదు అడిగి మరీ తీసుకునేవాడు. "రేపు నేను సంఘంలో లేనని ఎవడైనా అంటాడు, కాగితం ఉండాలి" అనేవాడు. చివరికి ఒక ఈస్టరు పొద్దున ఆ మోతుబరి ఇంటి పెద్దావిడ ఒక్కతే నడుచుకుంటూ పల్లెకు వచ్చి, ఆడవాళ్ల చాప మీద మా అమ్మ పక్కన చతికిలబడింది. ఆవిడ కొడుకులు రాలేదు. ఆ రోజు గిన్నె చాప ఈ చివర్నుంచి ఆ చివరికి వరసగా తిరిగింది. ఆవిడ వంతు మధ్యలో వచ్చింది.

రసీదుల పిచ్చి నాకు పెదనాన్న దగ్గరే పట్టింది. మా ఒంగోలు సంగతే చూడండి. 1866లో మిషనరీ క్లౌ దొర వచ్చి బడి పెడితే ఊళ్లో పెద్దకులాల వాళ్లు పిల్లల్ని పంపారు. మాదిగలు బాప్తిస్మం తీసుకొని ముందుకొచ్చేసరికి, వాళ్లుంటే మా పిల్లలు రారన్నారు. క్లౌ దొర మాదిగల పక్షాన ఉండిపోయాడు, పెద్దకులాల పిల్లలు వెళ్లిపోయారు. తర్వాత 1876-78 కరువొచ్చింది. ఆ దొర చేసిన పని, బకింగ్‌హాం కాలవలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, మనుషులకు పని చూపించి కూలి ఇవ్వడం. కూడు కోసం మతంలో కలిశారనే మాట రాకుండా ఆ పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగారు. ఆ చివరి రెండు కూడా ఎవరో కూర్చుని లెక్క రాసుకున్నారు కాబట్టే ఇవాళ మనకు తెలుసు. దాదాపు రెండు వేలని రాసి ఊరుకుని ఉంటే ఎవడు పట్టించుకునేవాడు?

ఆ దొరల్ని పంపిన బాప్టిస్టుల లెక్కా చెప్పుకోవాలి. వాళ్ల తెలుగు మిషను 1836 నాటిది. దాన్ని పోషించిన ఆ అమెరికా బాప్టిస్టులే 1845లో రెండు ముక్కలయ్యారు. తగాదా ఏమిటంటే, బానిసలున్న యజమానిని మిషనరీగా పంపవచ్చా, కూడదా? పంపాల్సిందేనన్న దక్షిణాది వాళ్లు వేరుకుంపటి పెట్టి సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ అయ్యారు. బానిసత్వాన్ని సమర్థించినందుకు వాళ్లు క్షమాపణ తీర్మానం చేసింది 1995లో. నూటయాభై ఏళ్లు! మన పంచాయతీ తీర్మానాలే నయం.

ఫిలడెల్ఫియాలో నాకు నచ్చిన మనిషి ఒకడున్నాడు. పోయి రెండు వందల ఏళ్లు కావస్తోంది. రిచర్డ్ ఆలెన్. 1760లో బానిసగా పుట్టాడు. డబ్బు కూడబెట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నాడు. ఈ ఊళ్లోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో నల్లవాళ్లకు ప్రసంగాలు చేసేవాడు. జనం పెరిగారు. చర్చి వాళ్లు పైన గ్యాలరీ కట్టారు, కింద నేల వేయించారు. ఆ పనికి నల్లవాళ్లు కూడా బాగానే చందాలిచ్చారు. పని పూర్తయ్యాక ఒక ఆదివారం వాళ్లను ఆ గ్యాలరీలోకే ఎక్కమన్నారు. ఎక్కారు. అక్కడ కూడా ఫలానా చోటు మీది కాదని, మోకరించి ప్రార్థనలో ఉన్న అబ్సలోం జోన్స్‌ను ధర్మకర్త ఒకడు చెయ్యి పట్టి లేపబోయాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగమంటే ఆగలేదు. ప్రార్థన ముగిశాక వాళ్లందరూ ఒక్కటిగా లేచి బయటికి నడిచారు. మళ్లీ ఆ చర్చి మొహం చూడలేదు.

ఈ కథ తరగతిలోనూ చెప్పారు. చెప్పి, బయటికి నడుస్తున్నప్పుడు వాళ్ల మనసులో ఏముండి ఉంటుందో జంటలుగా చర్చించుకోమన్నారు. నా జంటగా వచ్చిన తెల్ల పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంచివాడే పాపం. నేనడిగింది ఒకటే: గ్యాలరీకి వాళ్లిచ్చిన చందా తిరిగిచ్చారా? ఆయనకు తెలియదు. టీచరమ్మ వర్క్‌బుక్కులో చూసింది. అందులో లేదు.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. ఆలెన్ ఆరో వీధి, లాంబర్డ్ వీధి కలిసే చోట స్థలం కొని, 1794లో బెతెల్ అనే చర్చి పెట్టాడు. తెల్ల మెథడిస్టు పెద్దలు ఊరుకోలేదు. ఆస్తి మాది, ప్రసంగించే హక్కు మాది అని ఏళ్ల తరబడి కోర్టులకీడ్చారు. ఒక దశలో ఆ చర్చి వేలానికొచ్చింది. ఆలెన్ పదివేల డాలర్లకు పైగా పాడి తన చర్చిని తనే కొనుక్కోవాల్సి వచ్చింది. చివరికి కోర్టులో వీళ్లదే పైచేయి అయింది. 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం విడిగా ఏర్పడింది, ఆలెన్ దానికి తొలి బిషప్పు. మా మనవరాలు నన్ను అక్కడికి తీసుకెళ్లింది. ఇప్పుడున్నది అదే స్థలంలో తర్వాత కట్టిన రాతి చర్చి. కింద నేలమాళిగలో ఆలెన్ దంపతుల సమాధి, చిన్న మ్యూజియం ఉన్నాయి. ఆ పిల్ల ఫొటోలు తీసుకుంటోంది. వేలంలో అంత సొమ్ము ఒక్కసారి పాడాలంటే ఎన్ని ఇళ్ల నుంచి ఎంతెంత పోగేసి ఉంటారోనని నేను లెక్కేసుకుంటూ నిలబడ్డాను. బట్టలుతికేవాళ్లు, పొగగొట్టాలు ఊడ్చేవాళ్లు ఇచ్చిన డబ్బులవి. ఆలెనే పొగగొట్టాలు ఊడ్పించే వ్యాపారం చేసినవాడు.

మళ్లీ తరగతికి వద్దాం. ఒక బుధవారం కుర్చీలన్నీ గోడకు జరిపి అందర్నీ హాలు మధ్యలో వరసగా నిలబెట్టారు. ప్రివిలేజ్ వాక్ అట. టీచరమ్మ చీటీలో ప్రశ్నలు చదువుతుంది. అవునంటే ఒక అడుగు ముందుకో, వెనక్కో వెయ్యాలి. చేతికర్రతో నాకిదేం ఆటరా దేవుడా అనుకుంటూనే నిలబడ్డాను. నా పక్కన మన తెలుగు కుర్రాడే, కృష్ణా జిల్లా వాడు, సాఫ్ట్‌వేరు. వాళ్ల తాతకు కాలవ కింద మాగాణి ఎంతుండేదో ఒకసారి వాడే మురిసిపోతూ చెప్పాడు.

మీ రంగు వల్ల ఎవరైనా దుకాణంలో మీ వెనకాలే తిరిగారా? ఇద్దరం వెనక్కి. మీ యాస విని ఎవరైనా నవ్వారా? ఇద్దరం వెనక్కి. వాడు నా భుజం మీద చెయ్యేసి, "చూశారా అంకుల్, ఇక్కడ మనిద్దరం ఒకటే" అన్నాడు. తర్వాతి ప్రశ్న, మీ తాతలు భూమి కొనకుండా, బడికి వెళ్లకుండా చట్టమో ఆచారమో అడ్డుపడిందా? నేనొక అడుగు వెనక్కి వేశాను. వాడు కాసేపు ఆలోచించి, వాడూ వేశాడు! బ్రిటిషు వాళ్ల కాలం కదా అంకుల్, అన్నాడు. ఆ చీటీ రాసినవాళ్లకు కులం సంగతి తెలియదు, అందులో ఆ ప్రశ్నే లేదు. ఆ ప్రశ్న లేకపోయేసరికి మాగాణి ఆసామి మనవడు, అరుగు కింద నిలబడ్డ ప్రసంగీకుడి కొడుకు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. మా నాన్న చూసి ఉంటే ఆ వెటకారపు నవ్వు ఇంకోసారి నవ్వేవాడు.

ఇంకో ప్రశ్న వచ్చింది. ఉద్యోగం కోసమో చదువు కోసమో మీ పేరు దాచుకోవాల్సి వచ్చిందా? నల్లవాళ్ల పేర్లు చూసి అర్జీలు పక్కన పడేసే సంగతి దృష్టిలో పెట్టుకుని అడిగారు. నేను వెనక్కి జరిగాను. టీచరమ్మ మొహం వెలిగిపోయింది, వివరించమంది. ఎలా వివరించను? 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువులకే ఎస్సీ హోదా అంది. తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చారు కానీ క్రైస్తవులను ఇప్పటికీ చేర్చలేదు. బాప్తిస్మం తీసుకుంటే మాలవాడు మాలవాడిగానే ఉంటాడు ఊరికి, సర్కారుకు మాత్రం బీసీ-సి అయిపోతాడు. అందుకని బడి రికార్డులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఒక పేరు. బడిపంతులుగా మొదటిది నేనే రాశాను, సంఘంలో రెండోదీ నేనే చూశాను. ఇది రెండు నిమిషాల్లో చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఉందండీ, రెండు పేర్లున్నాయి అని ఊరుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. దేనికో!

ఆదివారం పొద్దున పదకొండు గంటలప్పుడే అమెరికా అన్నిటికన్నా ఎక్కువగా విడిపోయి ఉంటుందని మార్టిన్ లూథర్ కింగ్ అనేవాడు. మన తెలుగు ఫెలోషిప్పులు కూడేది సాయంత్రం నాలుగింటికి. అందుకే కాబోలు ఆ మాట మనకు తగలదనుకుంటాం. అక్కడికి వెళ్లి చూడండి. స్తుతి పాటలకు డ్రమ్స్, కీబోర్డు, పాట సాహిత్యానికి తెర. భోజనాల దగ్గర అందరూ అన్నా, అక్కా. సంబంధాల వాట్సాప్ గ్రూపులోకి పోతే మాత్రం క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ ఎస్సీ, వరసగా వేర్వేరు గళ్లు. ఆ గ్రూపులో ఉన్నవాళ్లలో ముగ్గురు నలుగురు నాతోపాటు బుధవారం తరగతికి వచ్చి, తెల్లవాళ్లు ఇలా ఎలా చేశారో అని తల అడ్డంగా ఊపుతూ నోట్సు రాసుకుంటారు.

మారింది లేదని కాదు. మన కర్నూలు జిల్లా దళితుడు పూల ఆంథొని 2022లో కార్డినల్ అయ్యాడు, దళితుల్లోంచి మొట్టమొదటివాడు. మా పెదనాన్న ఆ వార్త వింటే రసీదు అడిగేవాడు, అది వేరే సంగతి.

తరగతి చివరి వారాల్లో ఒకటి మాత్రం నా మనసుకు పట్టింది. 1838లో మేరీలాండ్ జెస్యూట్ ఫాదర్లు తమ తోటల్లోని 272 మంది బానిసలను లూసియానా ఆసాములకు 1,15,000 డాలర్లకు అమ్మారు. ఆ సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులకు పోయింది. అమ్మిన ఫాదర్లు కాగితాలు జాగ్రత్తగా రాశారు, పేర్లతో సహా, వయసులతో సహా. ఆ కాగితాలు పట్టుకునే ఇప్పుడు వాళ్ల మునిమనవల మునిమనవలను వెతికి పట్టుకున్నారు. 2021లో జెస్యూట్లు వాళ్ల కోసం పది కోట్ల డాలర్లు సమకూరుస్తామని మాటిచ్చారు. వర్జీనియాలో ఒక ఎపిస్కోపల్ సెమినరీ 2019లో 17 లక్షల డాలర్లు పక్కన పెట్టి, ఒకప్పుడు అక్కడ చాకిరీ చేసినవాళ్ల వారసులకు చెక్కులు పంపుతోంది. సరిపోతుందా అంటే సరిపోదు. కానీ అది చెక్కు. దాని మీద పేరుంటుంది, అంకె ఉంటుంది, తేదీ ఉంటుంది. కళ్లనీళ్ల మీద ఇవేవీ ఉండవు.

అందుకే ఆఖరి తరగతిలో, ఈ పది వారాల్లో మీరేం నేర్చుకున్నారని ఒక్కొక్కర్నీ అడుగుతూ నా దగ్గరికి వస్తే, ఈ చర్చి ఎప్పుడు కట్టారని అడిగాను. అంతర్యుద్ధానికి ముందట. అయితే కట్టినప్పటి చందా పుస్తకం, బెంచీలు అద్దెకిచ్చిన లెక్కలు, సమాధుల దొడ్డి రిజిస్టరు ఎక్కడున్నాయి? ఎవరి డబ్బుతో కట్టారు, ఎవరి చేత కట్టించారు, ఎవరిని ఎక్కడ పూడ్చారు, ఎవరిని పూడ్చనివ్వలేదు, చూద్దాం పట్టండి అన్నాను. పాత ఇంగ్లీషు చేతిరాత నేను చదవగలను, నాకు పనేమీ లేదు, కళ్లజోడు కొత్తదే. హాలంతా నిశ్శబ్దం. పాస్టరమ్మ నవ్వి, చాలా మంచి ఆలోచన, ఒక కమిటీ వేద్దామంది. వేశారు. అందులో నన్నూ వేశారు. కృష్ణా జిల్లా కుర్రాడు కూడా ఉన్నాడు, స్కానింగు పని వాడిదట. మొదటి సమావేశం జూమ్‌లోనట. అజెండాలో మొదటి అంశం, కమిటీకి పేరు పెట్టడం. రెండోది, ఒకరినొకరు పరిచయం చేసుకోవడం. నేను ఈమెయిలు పెట్టించాను, మా మనవరాలి చేత. పేరు తర్వాత పెట్టుకోవచ్చు, కింద గదిలో పాత పుస్తకాలుండే ఇనప బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు తేల్చండి అని.